ఎడమ చేతులు

నారిన్ పట్నంలో ఐదు రోజుల శిక్షణ.
హీటరు ఒక్కటే, అదీ ప్రొజెక్టరు పక్కన.
పద్దెనిమిది మందిమి, కోట్లు విప్పకుండానే
బడిని చూడటం నేర్చుకుంటున్నాం,
ముప్పై ఏళ్లు బడిలోనే ఉండి వచ్చినవాళ్లం.

మొదటిరోజే బూరుల్ మేడం మా నోళ్లలోంచి
కొన్ని మాటలు ఏరి పారేసింది, బియ్యంలో రాళ్లలా.
'బాగుంది' అనకూడదు.
'శ్రద్ధగల టీచరు' అనకూడదు.
"శ్రద్ధ ఎక్కడ నిలబడింది? ఎన్ని నిమిషాలు?
పశువుల డాక్టరు గుర్రం పళ్లు చూసినట్టు చూడండి.
గుర్రాన్ని మెచ్చుకోడానికి రాలేదు మీరు."

రెండోరోజు అందరికీ ఒకే వీడియో.
మార్కులు ఒకటి నుంచి నాలుగు దాకా.
నేను నాలుగు వేశాను. ఎర్మెక్ ఒకటి వేశాడు.
ఒకే పాఠం, ఒకే నల్లబల్ల,
మధ్యలో మా ఇద్దరి చిన్నతనాలు.
టీ దగ్గర చెప్పాడు, ఆ గొంతు అచ్చం
తనని మంచులో నిలబెట్టిన టీచరు గొంతేనట.
సాయంత్రానికి ఇద్దరం రెండు దగ్గర కుదిరాం,
తక్కెడ ముల్లు ఊగి ఊగి ఆగినట్టు.
అబద్ధమెందుకు, నా మనసు ఇంకా నాలుగు దగ్గరే ఉంది.

నాలుగోరోజు నిజం బడి.
గేటు రంగు ఆరలేదు. నా చేతి అంచున నీలం.
లైబ్రరీ తాళానికి కొత్త నూనె.
రాసుకున్నాను: నీలం. నూనె.
ఐదో తరగతి, భిన్నాలు.
ప్రశ్న పడగానే ఇరవై మూడు చేతులు లేచాయి.
"నూరు శాతం" అని రాశాడు ఎర్మెక్.

నేను చూసింది ఎన్ని చేతులని కాదు, ఏ చేతులని.
పద్నాలుగు ఎడమవి.

మెడకి ఎర్ర కండువాలు కట్టుకునే రోజుల్లో
జిల్లా ఇన్‌స్పెక్టరు వచ్చే ముందురోజు మా టీచరు చెప్పేది:
తెలిస్తే కుడి, తెలియకపోతే ఎడమ,
ఎత్తడం మాత్రం అందరూ ఎత్తాలి.
ఆయన వచ్చాడు, లెక్కపెట్టాడు, గొర్రెమాంసం తిన్నాడు, వెళ్లాడు.
ఏడేళ్లు ఎడమ చెయ్యి ఎత్తాన్నేను.
భిన్నాలు నాకు టీచరునయ్యాకే వచ్చాయి,
ఒకరికి నేర్పుతూ, దొంగచాటుగా.

పరిశీలకులు తరగతిలో మాట్లాడరాదు. ఎనిమిదో నియమం.
లేచి వెళ్లి చివరి బెంచీలో
చెయ్యెత్తి కిటికీలోకి చూస్తున్న పిల్ల పక్కన కూర్చున్నాను.
"ఎక్కడ ఆగిపోయావు?"
పిల్ల టీచరు వైపు చూసింది. టీచరు నా వైపు.
చెయ్యి దిగింది. వేలు పుస్తకం మీద ఆగింది.
"సగంలో సగం అంటే రెండు సగాలు కదా,
మరి చిన్నదెందుకైంది?"

గదిలో ఇంకో మూడు ఎడమ చేతులు
మెల్లగా దిగాయి.

ఆ విడత సర్టిఫికెట్ రాలేదు.
కారణం గడిలో బూరుల్ మేడం
చూసింది చూసినట్టు రాసింది:
"11.20. పరిశీలకురాలు విద్యార్థినితో మాట్లాడింది.
11.26. విద్యార్థిని బోర్డు దగ్గరికి వెళ్లింది.
రొట్టె బొమ్మ గీసింది."
మంచీ లేదు, చెడూ లేదు.
ఆ కాగితం దాచుకున్నాను.

వసంతంలో మళ్లీ వెళ్లి, నోరు కట్టుకుని, నెగ్గాను.
గుండ్రటి ముద్ర, మూడేళ్ల గడువు.
ఇప్పుడు ఏ బడికెళ్లినా చేతులు రెండుసార్లు లెక్కపెడతాను.
ఫారంలో వాటికి ఉన్నది ఒక్కటే గడి.
స్కేలు పెట్టి మధ్యలో అడ్డంగా గీత గీస్తాను.
పైన పద్నాలుగు,
కింద ఇరవై మూడు.