చూరు

పుష్యమాసం. రామగిరి గుట్ట నెత్తిన
ఇంకా ఎండపొడ లేదు.
వెన్నుగట్టు మీద కూసున్నం, నేనూ నవతా,
ఇద్దరి నడుములకు ఒకటే తాడు.
రెండు దిక్కుల లోయ ఉండాలె,
రెండు దిక్కుల తెలుపే ఉన్నది.

ఇగం. వేళ్లు ముడిస్తే విప్పరావు.
రాతి మీద నాచు, నాచు మీద మంచు.
"ఎండ తగిలేదాక ఒక్క అడుగు వెయ్యం" అన్నది.
కింద గనిల పొద్దుటి షిఫ్టు కూత పెట్టింది.
రిటైరయి నాలుగేండ్లు,
అయినా నా కాళ్లు లేవబోయినయి.

పోయిన చలికాలం హిమాలయాలకు పోయొచ్చింది పిల్ల.
అక్కడి మంచు తొమ్మిదింటికి ఆరిపోయేది కాదట.
గాలి దాన్ని గట్టు అంచు దాటించి
బయటికి చూరు కడ్తదట.
పైనుంచి చూస్తే నేలే అనిపిస్తది,
కాలు పెడ్తే కింద ఏమీ ఉండదు.
"అంచుకు ఎడంగ నడవాలె మామా.
ముందు పోయినోళ్ల అడుగులున్నయని మురిసిపోవద్దు,
వాళ్లు తొక్కిన మంచు కాదు ఇయ్యాల్టిది."

ముప్పైరెండేండ్లు నేను కప్పు కింద బతికిన.
సబ్బలుతోని తట్టి చెవి పెట్టేది.
ఖంగుమంటే పని,
డొల్లగ పలికితే దిమ్మె నిలబెట్టు, లేకుంటే బయటికి నడువు.
నాది నెత్తి మీది కప్పు,
ఈ పిల్లది కాళ్ల కింది కప్పు.

వాళ్ల నాయిన మొగిలి చెవి నాకన్న మంచిది.
ఆ దినం డొల్ల మోత ముందుగాల విన్నది ఆయనే,
మమ్ముల అందర్ని వెళ్లగొట్టిందీ ఆయనే.
సబ్బలు మరిచిన్నని మల్లొక్కసారి లోపలికి పోయిండు.
ఈ ముచ్చట నవతకు ఎవరన్న చెప్పిన్రో లేదో.
నేనైతే చెప్పలె.

తొమ్మిదిన్నరకు తెలుపు పలచబడ్డది. కదిలినం.
బురుజు కనవడ్డది, ఇంకో నూరు గజాలు.
అప్పుడే మానేరు దిక్కు నుంచి గాలి లేచింది,
దాని వెంట మల్ల పొగమంచు.
తాడు రెండుసార్లు గుంజింది, తిరుగుమని.
"వందల ఏండ్ల బురుజు మామా,
వచ్చే ఐతారం దాక ఉంటది తీయ్."

నాలుగు బారలు దిగినంక చూసుకుంటే
నడుముకు ఒక కొక్కెం తక్కువ.
పైన రాతి సందుల ఉండిపోయింది.
కొత్తది, తొమ్మిదివందలు పెట్టి కొన్నది.
నాలుగు బారలే. పొగల గూడ మెరుస్తున్నది.

నేను తాడు బిగవట్టిన.
నోట్లె మాట రాలె.

నవత దానిదిక్కు చూసింది.
బూటు మొనతోని కాలికింది రాయిని తట్టి
తల వంచి విన్నది.
ఆ తట్టుడు నేను నేర్పింది కాదు.

"ఉండనీ" అన్నది.
దిగినం,
గుట్టకు మొఖం పెట్టి,
ఒకరు కదిలితే ఒకరు ఆగి.