కుంటి కుర్చీ

పుంతా అరేనాస్‌లో గాలి రేగిన రోజున
వీధి మలుపుల్లో తాళ్ళు కడతారు.
ముసలాళ్ళూ బడిపిల్లలూ వాటిని పట్టుకుని దాటతారు.
తాడు ఎవర్నీ ఎటూ లాగదు,
ఊరికే అక్కడుంటుంది.
అది అలా ఉంచు, నయారెత్,
ముందు ఈ గది చూడు.

పన్నెండు కుర్చీలు. ఒకదానికి కాలు పొట్టి.

బుధవారం,
పీతల పడవ తిరిగిరాని ఇళ్ళవాళ్ళు వస్తారు.
మొదటిసారి వాళ్ళ కోసం నేనొక కాగితం రాసుకొచ్చాను:
ఆరు అంశాలు, ఒక్కోదానికి పది నిమిషాలు.
దోన్యా ఎదువిహెస్ దాన్ని శ్రద్ధగా చదివి
నాలుగు మడతలు పెట్టి
కుంటి కుర్చీ కాలి కింద దోపింది.
ఇప్పటికీ అక్కడే ఉంది. కుర్చీ ఇప్పటికీ ఊగుతుంది.

ఆ దెబ్బకి బుద్ధొచ్చిందనుకుని
శుక్రవారం రుమాళ్ళ డబ్బా పట్టుకెళ్ళాను.
సి బ్లాకు కిరాయిదారులు. ఒకామె గొంతు వణికింది.
డబ్బా ఆమె వైపు జరిపాను.
"ఏడవడానికి రాలేదమ్మా,
బాయిలరు గురించి ఉత్తరం రాయడానికొచ్చాం" అంది.
పెన్నిచ్చి నోరు మూసుకున్నాను.

గురువారం పిల్లతల్లులు. పదిహేనేళ్ళు, పదహారు.
బిడ్డ ఏడిస్తే ఎవరి బిడ్డని అడగరు,
ఏ చెయ్యి దగ్గరైతే ఆ చెయ్యి ఎత్తుకుంటుంది.
అక్కడ నా పట్టా అంతా
మణికట్టు మీద పాలచుక్క వేసి వేడి చూడటానికే.

మంగళవారం మాత్రం
కుంటి కుర్చీలో నేనే కూచుంటాను.
కోర్టు పంపిన మగాళ్ళు వస్తారు,
ఇంట్లో చెయ్యెత్తినవాళ్ళు.
కోట్లు విప్పరు.
సంతకం ఎక్కడ పెట్టాలో ముందే అడుగుతారు.

ఎలెవుతేరియో పదకొండు వారాలు
తన బూట్లతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు.
పన్నెండో వారం కొత్త కుర్రాడొకడు
"ఆమే నన్ను రెచ్చగొట్టింది" అన్నాడు.
నలుగురు తలలూపారు.
నా నాలిక చివర జవాబు సిద్ధంగా ఉంది,
శిక్షణలో నేర్పిందే, మంచి జవాబు.
అంతలో ఎలెవుతేరియో, బూట్లకేసే చూస్తూ,
"నేనూ అదే మాటన్నాను.
మంచం కింద దాక్కుని మా అమ్మాయి వింది" అన్నాడు.

రేకు కప్పు మీద గాలి.
గడియారం వైపు ఎవరూ చూడలేదు.
నా జవాబు మింగేశాను, నయారెత్,
చేపముల్లులా గొంతులో అడ్డంపడింది.
జీతం తీసుకునే పనుల్లో
నేను చేసినవాటిల్లోకెల్లా కష్టమైంది అదే.

కుర్రాడు మరుసటి వారం రాలేదు.
ఆ పై వారం వచ్చాడు, అరగంట ఆలస్యంగా.
ఖాళీ కుర్చీ లేదు.
నేను లేచి టీకి నీళ్ళు పెట్టడానికి వెళ్ళాను.
వంటగదిలోంచి వినిపిస్తూనే ఉంది,
ఒకరి తర్వాత ఒకరి గొంతు,
మధ్యమధ్య కుంటి కాలు టకటక.
నీళ్ళు మరిగాయి. స్టవ్వు ఆపి,
కాసేపు అక్కడే నిలబడ్డాను.

ఇదిగో తాళంచెవి.
హీటరు గంట ముందే వెయ్యి, వేడెక్కడానికి మొరాయిస్తుంది.
ఆ కాలు బాగుచేయిస్తానంటావేమో,
వద్దు.