రొయ్య డొప్పలు

పొద్దున్నే వంతెన మీంచి చూస్తే చాలు
ఈ ఏడు జనం ఏ రంగు కడతారో
లోజీ నది చెప్పేస్తుంది.
సోమవారం వంకాయ, బుధవారం పసుపు,
పండగ ముందు వారమంతా
ఎగువన ఎవరి గొంతో కోసినట్టు ఎరుపు.

పెకలోంగాన్‌లో బాతిక్ బట్ట మీది మైనం కరిగించేదాన్ని నేను.
కాగే డేగిసాలో ముంచి, దులిపి,
నదిలో జాడించి, 
ముప్పై ఒక్క ఏళ్ళు.
నా గోళ్ళు ఏనాడూ గోళ్ళ రంగులో లేవు.
పెళ్ళి ఫోటోలో చేతులు శాలువా కింద దాచుకున్నాను.

పక్కింటి వర్తియా రేవు కంపెనీకి రొయ్యలు ఒలుస్తుంది.
పెరట్లో డొప్పల గుట్ట.
ఆ వాసనకి పిల్లులకే విసుగొచ్చింది.
కాలేజీ నుంచి వచ్చిన ఆమె కొడుకు ముఫ్లిహ్
"పారేయకు అత్తా" అన్నాడు.

ఎండబెట్టాం. దంచాం.
సోడాలో ఉడికించాం, కడిగాం, మళ్ళీ ఎండబెట్టాం.
మా ఆయన తుమ్మి తుమ్మి
తమ్ముడింటికెళ్ళి పడుకున్నాడు.

పీపా నిండా రంగునీళ్ళు,
గరిటెడు చింతపండు పులుసు,
ఆ తెల్లపొడి మూడు దోసిళ్ళు.
మగ్రిబ్ పిలుపు వినపడేదాకా
తెడ్డు తిప్పుతూ కూర్చున్నాను.

పొడి ఎర్రబడింది.
పైన తేరిన నీళ్ళు గ్లాసులో పోసి
దీపానికి ఎదురుగా పట్టుకుంటే
అవతల మనవరాలి ముక్కు కనపడింది.
ఇంత వయసొచ్చి, నీళ్ళు చూసి ఏడ్చాను.
"తాగేవు అత్తా!" అని కంగారుపడ్డాడు ముఫ్లిహ్.

పులుపుకి పట్టుకుంటుందట పొడి,
సోడాకి వదిలేస్తుందట.
అప్పులిచ్చే వాళ్ళకంటే నయం.
అలా వదిలిన రంగు సీసాల్లోకి చేరింది.

యజమాని హాజీ జునైదీ
ఒక గుడ్డ ముంచి, ఆరేసి, ఉతికి చూశాడు.
వెలిసిపోయింది.
"ఒకసారి నీళ్ళని కట్టుకున్న రంగు
మళ్ళీ నూలుని కట్టుకోదు" అన్నాడు.
వెక్కిరింపేం కాదు. ఉన్న మాటే.

పది సీసాలు మంచం కిందికి పోయాయి.
ఎరుపూ నీలమూ గోధుమా కలిసి
చొక్కా మీద ఎండిన నేరేడు మరకలాంటి రంగు.

షవ్వాల్ వచ్చింది.
వీధి కుర్రాళ్ళు కాగితం బెలూన్ అతికిస్తున్నారు,
పొగ నింపి ఎగరేసేది.
విమానాల భయంతో ఇప్పుడు తాడు కట్టాలి.
జిగురుకే డబ్బులు అయిపోయాయి, రంగుకి లేవు.
మోకాళ్ళు పట్టుకుని మంచం కిందికి వంగాను.

కాగితాన్ని ఎవరూ ఉతకరు కదా.

ఎనిమిదో రోజు తెల్లవారుజామున
సముద్రంలోకి పోవాల్సిన రంగు
ఇళ్ళ కప్పులు దాటి లేచింది.
"ఆకాశం రొయ్యల కంపు కొడుతోంది" అంది వర్తియా,
తాడు చివర వేలాడుతున్న మనవరాల్ని
నడుం పట్టి ఆపుతూ.

వంతెన నిండా జనం, అందరూ పైకే చూస్తున్నారు.
నేను అలవాటుకొద్దీ కిందికి చూశాను.
ఎగువ కంపెనీ ఇవాళ ఆకుపచ్చ వేసింది.

మా దగ్గర పీపా ఒక్కటే.
డొప్పలు మాత్రం బోలెడు.