డెబ్భై నాలుగు

చహ్నాన్‌తోర్ పీఠభూమి మీద
చెట్టు లేదు, పిట్ట లేదు,
గాలి సగమే ఉంది.
ఆ సగాన్నే సర్దుకుని
అరవై ఆరు యాంటెన్నాలూ మేం నలుగురమూ
రాత్రంతా మేలుకుంటాం.

నా పని చిన్నది.
పైకొచ్చినవాళ్ల వేలికి క్లిప్పు తగిలించి
నెత్తుట్లో ప్రాణవాయువు ఎంతుందో రాసుకోవడం.
ఎనభై దిగితే సిలిండరు.
డెబ్భై అయిదు దిగితే వ్యాను, కిందికి.

నిన్న రాత్రి రెండున్నరకి
వీబ్కె, బ్రేమెన్ నుంచి వచ్చిన పిల్ల,
కేబుల్ పెట్టె పక్కన చతికిలబడి
ఒక్కతే నవ్వుతోంది.
"నెమేసియో, దొరికిపోయారు వాళ్లు."
ఎవరు?
"మనల్ని రాసినవాళ్లు."

కృష్ణబిలమంటే ఏమీ లేదట,
రాయడానికి బద్ధకించిన చోటట.
ఇక్కడిదాకా ఎవడొస్తాడులే అని
లెక్క సగంలో ఆపేసి
చుట్టూ వెలుగుతో కంచె కట్టి
లేచి వెళ్లిపోయారట.
అక్కడ కాలం నెమ్మదించేది
వాళ్ల యంత్రానికి ఆయాసమొచ్చి.
"నీకులాగే" అన్నాను. వినిపించుకోలేదు.
వాళ్లకి మనమీద ప్రేమా లేదు, పగా లేదు,
పొయ్యిమీద దుంపలు పెట్టి
మరిచిపోయారంతే, అంది.
అని, ఏడ్చింది.

క్లిప్పు చూశాను. డెబ్భై నాలుగు.
నేల విడిచి సాము చేసేవాళ్లని
పదకొండేళ్లుగా చూస్తున్నాను.
ఒకాయన యాంటెన్నాకి క్షమాపణ చెప్పాడు.
ఒకావిడ వాళ్లమ్మకి ఫోన్ చేయాలని
నా బూటు అడిగింది.
మాస్కు పెట్టిన నాలుగు నిమిషాల్లో
అన్నీ దిగిపోతాయి.

మాస్కు పెట్టాను. వ్యాను తీశాను.
మలుపులో వికూన్యాలు, ఆరో ఏడో,
లైటు పడగానే
గీసి పెట్టినట్టు నిలబడిపోయాయి.
మేం దాటాక మళ్లీ కదిలాయో లేదో
నాకెలా తెలుస్తుంది?

తొంభై ఒకటి దగ్గర వీబ్కె సిగ్గుపడింది.
"ఏమైనా వాగానా?"
లేదన్నాను.
నా వేలికి పెట్టుకుంటే తొంభై మూడు.
అయినా ఆ బద్ధకించిన చోటు
నాలోంచి దిగలేదు.

తొకొనావోలో మా నానమ్మ
పాలపుంతలో చుక్కల్ని చూపించేది కాదు,
చుక్కల మధ్య నలుపుని చూపించేది.
అదిగో లామా, అదిగో దాని పిల్ల,
పాలు తాగుతోంది చూడు, అనేది.
ఖాళీ అనే మాట
ఆవిడ నోట ఒక్కసారీ వినలేదు.

తెల్లారి ఫారం నింపాను.
కారణం: ప్రాణవాయువు లోపం.
ఇతర వివరాలు: వేలెడంత గడి.
పెన్ను ఆనించి, తీసి,
లోపల ఏమీ రాయకుండా
చుట్టూ గీతని మాత్రం
గట్టిగా దిద్దాను.