వగరు

పరకాల రోడ్డు మీద ఉప్పుడు బియ్యం మిల్లుల
బాయిలర్ కాడ నా డ్యూటీ.
ఐతారం ఐతారం నీళ్లల్ల పొడి కలుపుత.
ఇటుకరంగు పొడి, ఇరవై ఐదు కిలోల బస్త,
మీద ఓడబొమ్మ, నోరు తిరగని ఊరిపేరు.
సముద్రం అవతలి చెట్టు బెరడట.

మొదటిసారి బస్త మూతి ఇప్పిననాడు
తల పక్కకు తిప్పుకున్న.
ఘాటుకు గాదు.
మా నాయిన ఓదెలు ఎనుక నిలవడ్డట్టయింది,
మోచేతుల దాక లంద రంగుతోని.

మా ఇంటెనుక మూడు లందలుండె.
తంగేడు పూలకు ఊరంత వస్తది,
పట్టకు మా నాయినమ్మ సాంబవ్వ ఒక్కతే.
చలివాగు గడ్డ మీద కొమ్మలు నరికి
రాయి మీద దంచి ఒలుస్తాంటె
ఆమె గోర్లు పండుగ లేకున్నా ఎర్రగుండేటియి.
కరక్కాయలు ములుగు అంగట్ల కొలిచి తెచ్చేది,
దగ్గొచ్చినోళ్లకు ఒక్కోటి పంచంగ మిగిలినయి తోలుకు.

సున్నం గుంతల పది దినాలు,
ఎంట్రుకలు గీకి, కండ గీకి,
వాగుల కడిగి, పిండి, మళ్ల కడిగి.
అటెన్క సంగతి నాయిన మెల్లగ చెప్తుండె,
నిద్రవోయే పిల్లను లేపకుంట మాట్లాడినట్టు:
"ముందుగాల పాత రసం, పల్చటిది.
తెల్లారి ఇంకొంచెం చిక్కటిది.
మొదలే చిక్కటి దాంట్ల ఏస్తివా
పైన బిగుసుకుంటది, లోపల పచ్చిగనే ఉంటది.
వగరు తోలుకు తెల్వకుంట పోవాలె బిడ్డా."

సంచి లెక్క కుట్టి దూలానికి ఏలాడదీసి
పట్ట నింపి రసం పోస్తే
చుక్క చుక్క కింది కుండల వడేది.
కిందిది మళ్ల మీదికి.
మా ఇంట్ల గడియారం లేదు. అదే గడియారం.

నలభై దినాలకు అంచు కోసి చూసేది.
నడుమ తెల్లగీత కనవడితే
ఎవల్నేమనకుంట మళ్ల లందల ఏసేది.

ఆ తోలే మోటబాయికి బొక్కెన.
ఆ బొక్కెన నీళ్లతోని మళ్లు పారినయి, కుండలు నిండినయి.
నాయినకు దూపైతే మటుకు
దోసిలి పట్టుమని ఎత్తుకెల్లి పోసిండ్రు.

నాయిన భయపడ్డది ఒక్క ఇనుముకే.
ఓనాడు నా చేతికెల్లి కొడవలి జారి లందల వడ్డది.
తెల్లారి తీస్తే తోలు మీద
నల్లగ, కొడవలి కొడవలి లెక్క.
కొట్టలే. తిట్టలే.
ఆ ముక్క కోసి నాకే చెప్పులు కుట్టిండు.
కుడికాలు కింద సగం నెలవంక,
ఎడమకాలు కింద సగం.
బడికి అవే ఏసుకపోయిన, అరిగేదాంక.

అటెన్క కరెంటు మోటర్లొచ్చినయి.
పట్నంల మందుపెట్టిన నీలం తోళ్లు వచ్చినయి,
ఒక్క పొద్దుకే తయారట.
నాయిన ఒకటి చేతవట్టి వంచి చూసి
వాసన చూసి
కింద పెట్టిండు.
లందలల్ల మన్ను పోసినం.
ఒకదాని మీద బాత్రూం కట్టినం.

వరంగల్ నుంచి ఖలీల్ సాబ్ వచ్చి
పొడి ముచ్చట నేర్పిండు:
"నీళ్లల్ల గాలిని ఇది మింగుతది.
ఇనుము మీద నల్లటి పొర కడుతది. ఇగ తుప్పు రాదు."
"ఇనుముకు వగరు తాకితె నలుపేనాయె సాబ్" అన్న.
"ఏం చదివినవ్?"
"పది. తప్పిన."
చెప్పుల సంగతి చెప్పలే.

సేటు ఈ పొడిని బీరువాల పెట్టి తాళమేస్తడు.
మస్తు పిరమట, గింజంత కింద వడొద్దట.
మిల్లు గోడవతల తంగేడు
దుమ్ము గొట్టుకొని నిలవడుంటది.

ఏడాదికోసారి బాయిలర్ సల్లార్చి
టార్చి వట్టుకొని లోపటికి దూరుత.
గోడ నల్లగ, నున్నగ.
ఏ మచ్చకు నాయిన జడిసిండో
ఆ మచ్చకే నాకు జీతం.
ఏలుతోని తుడిచి నాలుకకు రాసుకున్న, ఎవలు లేరు గద.
వగరు.

బయటికొస్తే ఛాయ ఏళయింది.
నా గిలాస వేరే మొల మీద ఉంటది,
నేనే తీసుకుంట, నేనే కడుగుత.
ఛాయాకుల గూడ ఉండేది ఈ వగరే.
ఊరు ఎన్నేండ్ల సంది తాగుతాందో లెక్కలేదు.
నలభై దినాలు ఎప్పుడో దాటినయి.

అంచు కోసి చూసెటోడే లేడు.