గురువారం, నాలుగుంబావు

పోస్టరు మీద నాలుగని వేస్తాం.
నాలుగుంబావుకి గాని ఎవరూ నోరు విప్పరు.
బెర్న్ నగరంలో రైళ్ళకి లేని ఈ వెసులుబాటు
పండితులకుంది.
ఆ పావుగంటా నాది:
ఫ్లాస్కుల మూతలు బిగించడం,
ప్రొజెక్టరు తీగని బతిమాలుకోవడం,
కిటికీలోంచి ఆరె నదిని ఒకసారి చూసుకోవడం.

పదకొండేళ్ళుగా మానవశాస్త్ర విభాగంలో గుమాస్తాని.
ఈ తలుపు పక్క కుర్చీలోంచే చూశాను
ఏ దీవిలో కందగడ్డలు ఎవరి వాటాకి ఎన్నొస్తాయో,
లిమా బస్సుల్లో కండక్టర్లు ఏమని అరుస్తారో,
శవపేటికల దుకాణంలో బేరం ఎక్కడ తెగుతుందో.
నేను మాత్రం సెలవుల్లో కూడా
థూన్ సరస్సు దాటి వెళ్ళను.

ఇవాళ ఉర్సీనా కాఫ్లిష్.
వాళ్ళ లోయలో గొర్రెలు లేక కాదు,
మంగోలియా వెళ్ళి రెండు చలికాలాలు ఉండి వచ్చింది.
ఆరేళ్ళుగా ఒకే రికార్డింగు వింటోంది,
నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు.

తెర మీద మంచు. మంచులో ఒక గొర్రె.
దాని కాళ్ళ దగ్గర ఇంకా తడి ఆరని పిల్ల.
తల్లి మొహం తిప్పేసుకుంటుంది.
దులంసురెన్ అనే ముసలావిడ దాని మెడ నిమురుతూ
తోయిగ్, తోయిగ్, తోయిగ్ అంటుంది.
అదే మాట. మళ్ళీ అదే మాట.
గంటయినా, పూటయినా,
రాయిలాంటి ఆ తల్లి మెత్తబడి చేపేదాకా.

బంధుత్వం నెత్తురు కాదు, చాకిరీ, అంది ఉర్సీనా.
(ఇది బాగుంది. కాఫీ బిల్లు వెనక రాసుకున్నాను.)
ఆ తర్వాతవన్నీ పొడుగు వాక్యాలు,
చివరికి చేరేలోగా మొదలు చల్లారిపోయేవి.

ఇప్పుడు ఆఖరి చరణం వినండి, అంది.
పాట మధ్యలో ముసలావిడ తలెత్తి
కెమెరా వైపు ఏదో గట్టిగా అంటుంది.
గాలి హోరు సగం తినేసింది.
ఆకాశానికి మొర అయ్యుంటుందని
పట్నంలో అనువాదకుడు చెప్పాడట.
తొంభై రెండో పేజీ.
ఆ మొర మీద రెండు వ్యాసాలు అచ్చయ్యాయి.

వెనక వరుసలో ఎవరో ఫక్కున నవ్వారు.

ప్రశ్నల వేళ లుగిన్‌బ్యూల్ గారు ఎప్పట్లాగే
ఇది ప్రశ్న కాదు, ఒక ఆలోచన, అన్నారు.
తొమ్మిది నిమిషాల ఆలోచన.
అది ఆగాక ఉర్సీనాయే అడిగింది:
ఇందాక నవ్విందెవరు?

లేచి నిలబడింది ఖోంగోర్జుల్.
మా విభాగం కాదు, పశువైద్యం.
పోస్టరు మీద గొర్రె బొమ్మ చూసి వచ్చిందట.
చెవులదాకా ఎర్రబడి చెప్పింది:
ఆకాశంతో కాదండీ, మీతో అంటోంది.
"అవతలకి పో పిల్లా,
నీ సబ్బు వాసనకే ఇది చేపట్లేదు."

ఎవరూ నవ్వలేదు. లుగిన్‌బ్యూల్ గారు కూడా
కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.
ప్రొజెక్టరు ఫ్యాను ఒక్కటే తిరుగుతోంది.

ఆ అమ్మాయి కూచోలేదు. ఇంకో మాట, అంది.
ఇంతకీ తల్లి పిల్లని రానిచ్చిందా?

ఉర్సీనా తెరకేసి చూసింది. అక్కడ ఏమీ లేదు.
బ్యాటరీ అయిపోయింది, అంది నెమ్మదిగా.
మార్చుకుందామని గుడారంలోకి వెళ్ళాను.
తిరిగొచ్చేసరికి
పిల్ల తోక ఆడిస్తూ తాగుతోంది.

మరి అది రాయలేదేం?
రికార్డు కాలేదుగా, అంది.
అన్నాక తన మాట తనే విన్నట్టు
బల్ల అంచు పట్టుకుంది.

హాజరు పుస్తకంలో రాశాను:
వచ్చినవారు ఇరవై ముగ్గురు. ప్రశ్నలు రెండు.
పదకొండేళ్ళలో ఈ గడి
ఆలోచించకుండా నింపింది ఇవాళే.

కప్పులు ట్రేలో సర్దుతుంటే
కోట్లు తగిలించే మూలలో, ఒంటరిగా,
ఉర్సీనా తన చొక్కా చేతిని ముక్కు దగ్గర పెట్టుకుని
గట్టిగా వాసన చూసుకుంటోంది.

ట్రే అక్కడే వదిలేసి
చప్పుడు కాకుండా
బయటికొచ్చేశాను.