రెండో మేకు

ఏడురోడ్ల కాడ నా అంగడికి
ఏ పటం వచ్చినా మొదట అడిగే మాట ఒకటే:
దండ ఏసేదా, ఏయనిదా?
ఏసేదైతే రెండు మేకులు.
బతికున్నోళ్ళకు ఒకటి చాలు.

కెహిండే అని, ఇంజనీరింగ్ పిల్లోడు,
ఆటో దిగి, చాప మాదిరి చుట్టిన గుడ్డను
నా బల్ల మీద విప్పినాడు.
మూలలు లేవకుండా ఒకపక్క సుత్తి,
ఒకపక్క టీగ్లాసు పెట్టినా.
"మా అక్క ఏసిన బొమ్మ. మేం యోరుబా వాళ్ళం,"
రేణిగుంట తర్వాత స్టేషన్ పేరు చెప్పినట్టు చెప్పినాడు.

బొమ్మలో ఒక ఆడమనిషి.
నీలిమందులో పదిమార్లు ముంచిన చీర.
చీర కాదంట, నడుముకు చుట్టుకునే గుడ్డంట.
వెనక ప్లాస్టిక్ కుర్చీలు, జనరేటరు,
గోడకు సగం చినిగిన ఎలక్షన్ పోస్టరు.
మా రవీంద్రనగరే కదా ఇది, అనుకున్నా.
వీపున ఒక బిడ్డ, నోరు తెరుచుకుని నిద్రలో.
నడుం కాడ, గుడ్డ మడతలో
జానెడు చెక్కబొమ్మ.

ఆడుకునేదేమో అనుకుని
కొలతలు రాస్తా రాస్తా ఆగినా.

మా నాయన చెంగల్రాయుడు
శెట్టిగుంటలో ఎర్రచందనం బొమ్మలు చెక్కినోడు.
ఏది ఉలి కోసిందో, ఏది ఆకురాయి రుద్దిందో
కండ్లు మూసుకుని వేలితో చెప్పేటోడు.
ఈ బొమ్మ తల నిండా నీలం.
మెడ గాట్లల్లో ఎర్రపొడి ఇంకి గట్టిపడింది.
ముఖమే లేదు.
ముక్కు పోయింది, పెదాలు పోయినాయి,
కండ్లు రెండు మసక గుంతలు.
ఉలి చేసిన పని కాదు ఇది.
నీళ్ళు పోసి, తుడిచి,
బువ్వముద్ద నోటికి ఆనించి ఆనించి
అరిగిపోయిన ముఖం.
మరపాచి బొమ్మా అరుగుతాది సానరాయి మీద,
బిడ్డ మందు కోసం.
ఇది ఎవురి ఆకలికి అరిగిందో.

మిగతా అంతా రంగు మందంగా ఉంది.
ఆ ముఖం మీద మాత్రం వాళ్ళక్క
పూసి తుడిచి, మళ్ళీ పూసి మళ్ళీ తుడిచి
గుడ్డ పోగులు తేలేదాకా పోయింది.
గీయలేదమ్మా నువ్వు.
నువ్వూ కడిగినావు.

"కవలలా?" అన్నా.
పిల్లోడు తలెత్తినాడు.
"ముందు పుట్టినోడు తైవో. లోకం రుచి చూసి రమ్మని
వాణ్ణి పంపింది నేనే.
కెహిండే అంటే ఎనకొచ్చినోడు. ఎనకొచ్చినోడే పెద్దోడు."
మాకూ అంతే నాయనా, అన్నా.
వీపున నోరు తెరుచుకున్నది
ఎవురో అప్పుడు తెలిసింది.

"పాపం, మీయమ్మ ఏడుపు దిగమింగుతాంది."
"లేదంకుల్. నవ్వు ఆపుకుంటాంది.
ఆ పొద్దు తైవోకు కొత్త పూసలు కట్టింది."
మళ్ళీ చూసినా. నిజమే,
కుడి చెంప కొంచెం లేచి ఉంది.
ముప్పై ఏండ్లు దండల పటాలు కట్టి కట్టి
బిగిసిన మూతి కనపడితే చాలు
ఏడుపే అనుకుంటా.

మాయిటాల ఎదురు బండి నుంచి
అలసంద వడలు తెప్పించినా.
వాసన చూసినాడు, తుంచినాడు,
నమ్మలేనట్టు నా ముఖం చూసినాడు.
"మా ఊర్లో దీన్ని ఆకరా అంటాం.
కవలలకు అలసందలే పెట్టాల."
ఒకటి తిన్నాడు.
రెండోది పట్టుకుని బల్ల పక్కనే నిలబడినాడు.
నూనె కారతాంది.
మరకైతాదని నేననలేదు.
టీ తాగొస్తానని బయటికి పోయినా.

తిరిగొచ్చి రసీదు రాసినా.
టేకు చట్రం, నాలుగు మూలల కూలి.
మేకులెన్ని అనే కాడ ఖాళీ వదిలినా.
అద్దం ధర మాత్రం కొట్టేసినా.